పెత్రమాస నాడు పడ్డ ఎల్క్

వేటకు వెళ్లొచ్చావట కదా అని ఎవరైనా అడిగితే అవునని చెప్పడానికి నాకు నోరు రాదు. నేను తుపాకి ముట్టలేదు, నాకు లైసెన్సూ లేదు. నేను వెళ్లింది మోతకు. కూలి కింద మాంసంలో నాలుగో వంతు.

మా పొరుగాయనకు 63 ఏళ్లు. కరెంటు పని చేసి రిటైరయ్యాడు. కొలరాడోలోనే పుట్టి పెరిగి, కుర్రతనం నుంచి ఏటా ఎల్క్ వేటకు పోతున్న మనిషి. ఎల్క్ అంటే మన కణుజు లాంటి జింకే, కాకపోతే ఇంకా భారీగా ఉంటుంది. బాగా ఎదిగిన పోతు 300 కిలోలు దాటుతుంది. ఏటా ఆయన వెంట వెళ్లే స్నేహితుడికి మోకాలి ఆపరేషన్ అయింది. "నువ్వు పరుగు పందేలకు పోతుంటావు కదా, బరువు మోయగలవా?" అని ఆగస్టులో ఒక సాయంత్రం కంచె మీద నుంచి అడిగాడు. చేతిలో టీ కప్పు ఉంది, అక్టోబరు ఎక్కడో దూరంగా ఉంది. సరేనన్నాను.

సెప్టెంబరంతా 20 పౌండ్ల సోనామసూరి బస్తా బ్యాగులో వేసుకుని కాలనీ వెనక గుట్ట ఎక్కి దిగాను. రెండో వారం నుంచి రెండు బస్తాలు. "బియ్యం డబ్బాలో ఉన్నాయా, మీ బ్యాగులో ఉన్నాయా?" అని మా ఆవిడ రోజూ వంటకు ముందు అడిగేది.

శుక్రవారం, 2023 అక్టోబరు 13

తెల్లారుజామున నాలుగింటికి డెన్వర్ నుంచి బయల్దేరాం. పొరుగాయన, ఆయన కూతురు, నేను. ఆ అమ్మాయి ఆస్పత్రిలో నర్సు. ముగ్గురిలో గట్టి మనిషి ఎవరో నాకు మొదటి రోజే తెలిసిపోయింది, అది నేను కాదు.

ఐ-70 మీద పడమరకు పోతుంటే ఐసెన్‌హోవర్ సొరంగం దగ్గర రోడ్డే 3,400 మీటర్ల ఎత్తులో ఉంటుంది. గ్లెన్‌వుడ్ లోయలో తెల్లవారింది. ఆ తర్వాత రైఫిల్ అనే ఊరు వస్తుంది. వేటకు పోయేవాళ్లకు అక్కడ హైవే వదలడం సరదాగా ఉంటుందేమో గానీ ఊరి పేరు నిజంగా అదే. ఉత్తరానికి తిరిగితే మీకర్.

మీకర్‌లో పెట్రోలు బంకులో, టిఫిన్ హోటల్లో, ఎక్కడ చూసినా నారింజ రంగు టోపీలే. తుపాకి సీజన్లో నడుం పైన కనీసం 500 చదరపు అంగుళాల మేర నారింజ రంగు ఉండాలి, తలకూ అదే రంగు టోపీ ఉండాలి. 2016 నుంచి ముదురు గులాబీ రంగును కూడా ఒప్పుకుంటున్నారు. కూతురు చొక్కా ఆ రంగుదే. "బతుకమ్మకు వచ్చినట్టున్నావు" అన్నాను. అర్థం కాలేదు. చెప్పడానికి గంట పట్టింది, దారికి సరిపోయింది.

ఈ ఊరికి పేరు ఇచ్చిన నేథన్ మీకర్ ఇక్కడి యూట్ తెగ వ్యవహారాలు చూడటానికి ప్రభుత్వం వేసిన ఏజెంటు. వాళ్ల గుర్రాలు మేసే పచ్చిక దున్నించి, వాళ్లను రైతులుగా మార్చాలని పట్టుబట్టాడు. 1879లో వాళ్ల చేతిలోనే చనిపోయాడు. అది సాకుగా యూట్‌లను యూటాకు తరిమేశారు. ఊరికి మాత్రం ఏజెంటు పేరు మిగిలింది. అదిలాబాద్ అడవుల్లో పోడు భూముల కథలు విన్నవాడిని కాబట్టి ఈ కథ నాకు కొత్తగా అనిపించలేదు.

మా బండి ఆపిన చోటు పేరు చెప్పను. చెప్పనని పొరుగాయనకు మాట ఇచ్చాను. వేటగాళ్లు ఆస్తుల వివరాలైనా చెబుతారు గానీ చోటు చెప్పరు. ఫ్లాట్ టాప్స్ అడవి అని మాత్రం అనుకోండి. దారి మొదట్లో బోర్డు ఉంది: ఇంజన్లు నిషేధం, సైకిళ్లు నిషేధం, చక్రమున్నది ఏదైనా నిషేధం. మాంసం లాగే చిన్న తోపుడు బండి కూడా కుదరదు. 1919లో ఆర్థర్ కార్‌హార్ట్ అనే ఉద్యోగిని ఇక్కడి ట్రాపర్స్ సరస్సు చుట్టూ విడిది ఇళ్లకు ప్లాట్లు కొలవమని అటవీ శాఖ పంపితే, ఆయన కొలిచి వచ్చి, ఇక్కడ ఏమీ కట్టకపోవడమే మంచిదని చెప్పాడట. ఆ ఆలోచన ముదిరి 1964లో చట్టమైంది. 1975లో ఈ అడవి ఆ చట్టం కిందికి వచ్చింది. మంచి పనే చేశాడు. కానీ తర్వాతి మూడు రోజుల్లో ఒక్క చక్రం కోసం ఆయన్ని ఎన్నిసార్లు తలుచుకున్నానో లెక్కలేదు.

గుర్రాలకు అనుమతి ఉంది. కంచర గాడిదలతో మోయించేవాళ్లూ ఉన్నారు. "వాళ్లకు ఇచ్చే డబ్బుతో ఏడాదికి సరిపడా మాంసం షాపులోనే కొనుక్కోవచ్చు" అన్నాడు పొరుగాయన.

తలా 17 కిలోల సామానుతో ఆరున్నర కిలోమీటర్లు నడిచి, 3,050 మీటర్ల ఎత్తున వాగు పక్కన గుడారాలు వేశాం. దారి మొదట్లో ఫోను ఒక్క గీత చూపిస్తుంటే ఊళ్లో ఉన్న అమ్మకు చేశాను. "రేపు పెత్రమాస, పైగా మీ దగ్గర గ్రహణమట. అడవిలోకి ఎందుకు బిడ్డా?" అంది. జవాబు చెప్పేలోగా ఆ గీత కూడా పోయింది.

శనివారం, అక్టోబరు 14

సీజన్ మొదటి రోజు. ఎత్తు పడక రాత్రంతా తలనొప్పి. చీకట్లోనే లేచి, మా ఆవిడ కట్టిచ్చిన సత్తు ముద్దలు మూడు తిని నడిచాం. పొరుగాయన ఒకటి తిని, ఇంకొకటి అడిగి జేబులో వేసుకున్నాడు. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి, అస్తమయం తర్వాత అరగంట దాకా మాత్రమే కాల్చవచ్చు. పొద్దున ఏమీ కనబడలేదు. కిందటి చలికాలం ఈ వాయవ్య కొలరాడోలో విపరీతమైన మంచు పడి చాలా జంతువులు చచ్చాయని, అందుకే ఈసారి లైసెన్సులు బాగా తగ్గించారని చెప్పాడు.

తొమ్మిదింపావుకు గ్రహణం మొదలైంది. పదిన్నరకల్లా సూర్యుడు మూడొంతులకు పైగా మూసుకుపోయాడు. చీకటి పడలేదు. వెలుతురు మాత్రం పాత ఫోటోలో లాగా పల్చబడింది, చలి గబుక్కున పెరిగింది. కూతురు అట్ట కళ్లద్దాలు తెచ్చింది. నేను రెండు చేతుల వేళ్లు అడ్డదిడ్డంగా పెట్టి పట్టుకుంటే, స్ప్రూస్ చెట్ల నీడలో మిగిలిన మంచు మీద చిన్న చిన్న నెలవంకలు వరుసగా పడ్డాయి. మా నానమ్మ గ్రహణం పట్టగానే పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టేది. నా దగ్గర రోకలి లేదు, నడక కర్ర ఉంది. మంచులో గుచ్చి వదిలేస్తే నిలబడింది. మంచులో ఏ కర్రయినా నిలబడుతుందనుకోండి.

సాయంత్రం ఇంకో పచ్చిక బయలు అంచున కూర్చున్నాం. ఐదున్నరకు ఎల్క్ కూత వినబడింది. బొంగురుగా మొదలై, పైకి పోయి, సన్నటి ఈలలా ముగుస్తుంది. అంత పెద్ద జంతువుకు అంత సన్నటి గొంతా అనిపిస్తుంది. ఆరు దాటాక ఐదారు ఆడవి, వెనక ఒక పోతు బయటికొచ్చాయి. 220 మీటర్లు అని దూరం చూసి చెప్పింది కూతురు. ఒక్కటే పేలుడు. పోతు వంగి, తిరిగి, చెట్లలోకి పరుగెత్తింది.

అరగంట కదలొద్దన్నాడు పొరుగాయన. వెంటపడితే దెబ్బతిన్న జంతువు ఇంకా దూరం పోతుందట. ఆ అరగంటలో మేం మాట్లాడుకోలేదు. వేట 1972 నుంచి చట్టం మూసేసిన దేశంలో పెరిగినవాడిని. ఇక్కడ అది చీటీ తీసి, రుసుము కట్టి, లెక్క రాసి చేసే పని. 20వ శతాబ్దం మొదట్లో కొలరాడోలో ఎల్క్ దాదాపు తుడిచిపెట్టుకుపోతే వ్యోమింగ్ నుంచి తెచ్చి వదిలారు. ఇప్పుడు రెండున్నర లక్షలకు పైనే ఉన్నాయి. ఇవన్నీ నాకు తెలుసు. అయినా అది చెట్లలోకి పరుగెత్తినప్పుడు నా కడుపులో ఏదో తిరిగింది.

వంద అడుగుల దూరంలోనే పడి ఉంది. పడాల్సిన చోట పడలేదు అంతే. పురుగు పట్టి ఎండిపోయిన స్ప్రూస్ చెట్లు గాలికి కూలి, అగ్గిపుల్లలు కుమ్మరించినట్టు ఒకదాని మీద ఒకటి పడి ఉన్న ఏటవాలులో, రెండు దుంగల మధ్య ఇరుక్కుంది. పొరుగాయన దాని మెడ మీద చెయ్యి పెట్టి కాసేపు అలాగే కూర్చున్నాడు. తర్వాత లైసెన్సు చీటీ మీద తేదీ వేసి సంతకం చేశాడు. "సరదా అయిపోయింది, ఇక పని" అన్నాడు.

మా ఊళ్లో మేకను వేప కొమ్మకు వేలాడదీసి ఒలుస్తారు. 300 కిలోలను వేలాడదీసే కొమ్మ ఏది? పడుకోబెట్టే కోయాలి, అదీ పొట్ట చీల్చకుండా. కిందికి జారకుండా కొమ్ములను తాడుతో చెట్టుకు కట్టాం. వెన్ను వెంబడి మెడ నుంచి తోక దాకా తోలు చీల్చి ఒక పక్క మొత్తం ఒలిచారు తండ్రీకూతుళ్లు. నేను కాలు పట్టుకోవడం, లైటు పట్టడం, సంచి మూతి తెరవడం. ముందుకాలికి ఒంటితో ఎముక కీలు ఉండదని నాకు ఆ రాత్రి దాకా తెలియదు. కండతోనే అతుక్కుని ఉంటుంది, కత్తి పెట్టి ఎత్తితే తలుపు తెరుచుకున్నట్టు వచ్చేసింది. తొడ అలా రాదు. గిన్నెలో బంతిలా ఉండే కీలును వెతికి, లోపలి నరం తెంపాలి. వెన్నుకు ఆనుకుని పొడుగ్గా ఉండే కండ, మెడ, పక్కటెముకల మధ్య ముక్కలు. చివరి పక్కటెముక వెనక చెయ్యి పెట్టి లోపలి మెత్తకండ లాగింది కూతురు. తర్వాత ముగ్గురం కలిసి రెండో పక్కకు తిప్పాం. తిప్పడానికే ఇరవై నిమిషాలు.

ఇంత తొందర ఎందుకంటే వేడి. ఎల్క్ తోలు కంబళి లాంటిది. గడ్డకట్టే చలిలో కూడా తొడ ఎముక చుట్టూ వేడి గంటల తరబడి నిలిచిపోయి మాంసం లోపలి నుంచి పాడవుతుంది. తోలు తీయగానే నా లైటు వెలుతురులో ఆవిరి పొగలా లేచింది. ఒక్కో కాలు నూలు సంచిలో వేసి, మిగిలిన కళేబరానికి నూటయాభై అడుగుల దూరంలో రెండు చెట్ల మధ్య దుంగ కట్టి వేలాడదీశాం. నూలైతే గాలి ఆడుతుంది. ప్లాస్టిక్ కవరులో వేస్తే తెల్లారేసరికి వాసన. ఒక తొడకు మాత్రం మగ గుర్తు అలాగే వదిలేశారు. పోతు లైసెన్సు మీద పోతునే కొట్టామని ఎవరైనా అధికారి ఆపితే చూపించాలి. "ఆధార్ కార్డు లాంటిదన్నమాట" అన్నాను. నా జోకు నాకే అర్థమైంది.

ముగిసేసరికి ఒంటిగంట. పెత్రమాస చీకటి, చుక్కలు తప్ప ఏమీ లేదు. వెన్ను కండలు, మెత్తకండలు, కార్జం, గుండెకాయ మాత్రం పట్టుకుని రెండున్నర కిలోమీటర్లు గుడారాలకు వచ్చాం. పొరుగాయన పొయ్యి వెలిగించి మెత్తకండ నాలుగు ముక్కలు ఉప్పుతో కాల్చాడు. ఇక్కడి జింకల్లో మెదడును తినేసే ఒక జబ్బు ఉంది. మనుషులకు సోకిన దాఖలా లేదు గానీ పరీక్ష ఫలితం వచ్చేదాకా తినకపోవడం మంచిదంటారు. కూతురు తినలేదు. నేనూ తినలేదని రాయాలనే ఉంది.

ఆదివారం, అక్టోబరు 15

పొద్దున తొమ్మిదికి మళ్లీ అక్కడికి. దూరం నుంచే గట్టిగా మాట్లాడుతూ, కర్రలు దుంగలకు కొడుతూ వెళ్లాం. ఇక్కడ గ్రిజ్లీలు లేవు, నల్ల ఎలుగులు ఉన్నాయి. చలినిద్రకు ముందు వాటికి ఆకలి ఎక్కువ. ఎలుగు రాలేదు. గుంటనక్క లాంటి కయోటి వచ్చి పేగుల వైపు లాగిన గుర్తులు ఉన్నాయి. కాకుల సభ జరుగుతోంది. బూడిద రంగు జే పిట్టలు రెండు మా సంచుల మీద కూర్చుని, నూలు కన్నాల్లోంచి కొవ్వు పొడుచుకుని తింటున్నాయి. వేలాడదీసిన మాంసం ముట్టుకుంటే ఇత్తడి చెంబులా చల్లగా ఉంది. పొరుగాయన ప్రతి సంచినీ చెంపకు ఆనించి చూశాడు.

అక్కడే గొడవ వచ్చింది. ఎముకతోనే మోయాలా, తీసేయాలా? ఎముక ఉంటే కాలు బిర్రుగా నిలబడి వీపుకు అతుక్కుంటుంది. తీసేస్తే మాంసం తడిబట్టల మూటలా కిందికి జారి నడుమును వెనక్కి లాగుతుంది. కానీ ఎముకల బరువూ తక్కువేం కాదు, బండి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉంది. కూతురు తీసేయమంది. తండ్రి కాసేపు గొణిగి ఒప్పుకున్నాడు. అప్పుడు నేను నోరు తెరిచాను. తొడ ఎముకలు అడవిలో వదిలేయడమా! నల్లి బొక్కలు! పండక్కి మా ఇంట్లో నల్లి కోసం నేనూ మా తమ్ముడూ కొట్టుకున్న రోజులున్నాయి. చిన్న గిన్నెడు మూలుగ ఉంటుంది అందులో.

"నువ్వు మోస్తే నీ ఇష్టం" అన్నాడాయన.

ఒకటి ఉంచుకున్నాను. ఇండియా వెళ్లేటప్పుడు సూట్‌కేసులు తూచే కొక్కెం తూకం తెచ్చాను, దానికి తగిలిస్తే 1.9 కిలోలు. ఆ తూకం చూసి నవ్విన తండ్రీకూతుళ్లు తర్వాత ప్రతి సంచికీ దాన్నే అడిగారు. ఎముకలు తీశాక మాంసం మొత్తం 92 కిలోలు తేలింది. విమానమైతే 23 కిలోలు దాటితే కౌంటర్ దగ్గర ఆవకాయ డబ్బా తీసి పక్కన పెట్టేస్తాం. ఇక్కడ తీసి పడేయడానికి లేదు. నాలుగు కాళ్లు, వెన్ను కండలు, మెత్తకండలు తేకుండా వదిలేయడం కొలరాడోలో నేరం. కొమ్ములు వదిలేసి వచ్చినా అడిగేవాడు లేడు.

దుంగల మీదుగా దిగాలి కాబట్టి చిన్న బరువులు, రెండు విడతలు. నాకు 18 కిలోలు, కూతురికి 17, ఆయనకు 12. ఆ మొదటి నాలుగు వందల మీటర్లకే యాభై నిమిషాలు పట్టింది. దుంగ దగ్గరికి రావడం, దాని మీద కూర్చోవడం, కాళ్లు అటు తిప్పడం, లేవడం. రెండు చోట్ల బ్యాగు దించి చేతులు మార్చుకోవాల్సి వచ్చింది. రెండో విడతలో 16 కిలోల తల, కొమ్ములు కూతురు మోసింది. కొమ్ముల మీద నారింజ గుడ్డ చుట్టారు, చెట్ల మధ్య కదిలే కొమ్ములు చూసి ఇంకెవడైనా కాలుస్తాడని.

సోమవారం, అక్టోబరు 16

అసలు మోత ఈ రోజే. గుడారాల నుంచి బండికి ఆరున్నర కిలోమీటర్లు. నాకు 28 కిలోలు, కూతురికి 30, ఆయనకు 20. విడివిడిగా నడిస్తే దారిలో ఎవరైనా అడుగుతారని, లైసెన్సు నంబరు రాసి సంతకం చేసిన కాగితం నా జేబులో పెట్టాడు.

28 కిలోలు నేలమీది నుంచి మనంతట మనం ఎత్తుకోలేం. బ్యాగుకు వీపు ఆనించి కూర్చుని, పట్టీలు తగిలించుకుని, పక్కకు దొర్లి మోకాళ్ల మీదికి వచ్చి, కర్రలు పొడిచి లేవాలి. మొదటిసారి తాబేలులా వెల్లకిలా పడ్డాను. అప్పుడు కూతురు వెనక నుంచి బ్యాగు పై పట్టీ పట్టి ఎత్తింది. ఒక్కసారిగా మా నానమ్మ గుర్తొచ్చింది. పొలం నుంచి గడ్డి మోపు తెచ్చేటప్పుడు గట్టు మీద నిలబడి దారిన పోయేవాళ్లను పిలిచేది: "ఓ పిల్లా, జర మోపు ఎత్తిపో." తలమీద చుట్టకుదురు పెట్టుకుని, ఎత్తేవాళ్లు వచ్చేదాకా అలాగే నిలబడేది. ఒకసారి నెత్తికెక్కితే రెండు మైళ్లు మాట్లాడుకుంటూ వచ్చేసేది. మోయడం ఆమెకు పనే కాదు, ఎత్తడానికే మనిషి కావాలి. ఆ మాట వాళ్లకు చెప్పాను. పొరుగాయన ఆగి, "మీ నానమ్మ బరువెంత, మోపు బరువెంత?" అని అడిగాడు. ఎవరు తూచారు!

బరువు ఎక్కడ పెట్టాలో కూడా ఆయనే సర్దాడు. మాంసం సంచి వీలైనంత పైకి, భుజాల మధ్యకు, వీపుకు అతుక్కుని ఉండాలి. నడుం పట్టీ తుంటి ఎముకల మీద బిగించి, భుజాల పట్టీలు కాస్త వదులు చేయాలి. సంచి అంగుళం జారినా ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగుతున్నట్టు ఉంటుంది. నా ఎముక మాంసంలో పట్టలేదు. బ్యాగు పక్కన నీళ్ల సీసా జేబులో గుచ్చితే, పైకి పొడుచుకుని కొమ్ములా నిలబడింది.

మొదటి కిలోమీటరు బాగానే ఉంది. రెండో కిలోమీటరులో భుజాలు, మూడో దాంట్లో తుంటి. దిగుడు మొదలయ్యాక మోకాళ్లు. ఎక్కడం కష్టం, దిగడం సుఖం అనుకునేవాడిని, ఒట్టి చేతులతో నడిచేవాళ్ల మాట అది. దిగేటప్పుడు ప్రతి అడుగూ బ్రేకే. రెండు వందల అడుగులు లెక్కపెట్టి ఆగడం, తర్వాత నూట యాభై, తర్వాత నూరు. ఆగినా కూర్చోకూడదు, కూర్చుంటే లేవలేం. నడుమెత్తు దుంగ కనబడితే బ్యాగు అడుగు దాని మీద ఆనించి నిలబడేవాళ్లం. ఆ నాలుగు గంటల్లో నేను చెట్లు చూడలేదు, కొండలు చూడలేదు. దుంగల ఎత్తు చూశాను.

ఎండ కాసింది. అక్టోబరు మధ్యలో ఇంత వెచ్చదనం మాంసానికి మంచిది కాదని పొరుగాయన టెన్షన్ పడ్డాడు. వాగు దాటే చోట సంచులు నీడలో పెట్టి, లోపల వేలు దూర్చి చూశాడు. ఆ వాగు దగ్గరే నా ఎముక సంగతి తేలాల్సింది. కుడి మడమ మీద బొబ్బ పగిలింది, సాక్సుకు నెత్తురు అంటింది. కూతురు టేపు వేస్తూ ఎముక వైపు చూసింది. ఏమీ అనలేదు. అనకపోవడం వల్లే తీయలేదు.

బండి దగ్గర పెద్ద కూలర్లలో పాల డబ్బాల్లో గడ్డకట్టించిన నీళ్లు ఉన్నాయి. నాలుగు రోజులైనా సగానికి పైగా ఐసే. కరిగినా మాంసం తడవదు, తాగడానికి నీళ్లు మిగులుతాయి. సంచులు సర్ది మూత వేశాక బరువు లేని భుజాలతో నిలబడితే, గాల్లో తేలుతున్నట్టు అనిపించి తూలాను. ఆయన మొదటిసారి పెద్దగా నవ్వాడు. ఖాళీ బ్యాగులతో తిరిగి పైకి ఆరున్నర కిలోమీటర్లు ఎలా ఎక్కామో పెద్దగా గుర్తు లేదు.

మంగళవారం, అక్టోబరు 17

మిగిలిన 14 కిలోల మాంసం, తల, గుడారాలు, వంట సామాను. నిన్నటి దారే, నిన్నటి దుంగలే. చెప్పడానికి కొత్త ఏమీ లేదు, మడమ తప్ప.

మీకర్‌లో వన్యప్రాణి శాఖ ఆఫీసులో తల చూపించాం. గొంతు లోపలి గ్రంథులు కోసుకుని పరీక్షకు పంపుతారు. తల వెనక్కి ఇచ్చేశారు. 1967లో ఇదే రాష్ట్రంలో, ఫోర్ట్ కాలిన్స్ దగ్గర పరిశోధన కోసం పెంచుతున్న జింకల్లో ఈ జబ్బును మొదట గమనించారు. బయట పార్కింగులో పొరుగాయన ఎల్క్ పై దవడలోంచి రెండు పళ్లు ఊడదీశాడు. దంతం లాంటి పదార్థంతో ఉంటాయి అవి, ఏనుగుకు ఉన్నట్టు. ఒకటి కూతురికి ఇచ్చాడు, ఒకటి నా అరచేతిలో పెట్టి పిడికిలి మూశాడు.

ఇంటికి చేరేసరికి రాత్రి పది. మా ఆవిడ తలుపు తీసి, "ముందు స్నానం చేయండి, తర్వాత లోపలికి రండి" అంది. స్నానాల గది ఇంటి లోపలే ఉంది కదా అన్నాను.

ఆ తర్వాత

బుధ, గురువారాలు వాళ్ల గ్యారేజీలో కోత. పొరల మీద వెండి రంగులో ఉండే పీచు తీయడం, కీమా ఆడించడం, పొట్లాలు కట్టి తేదీ రాయడం. ఆఖర్న మాంసాన్ని అట్ట మీద రెండు కుప్పలు పెట్టారు. మాది నాలుగో వంతు, మిగతాది వాళ్లది. మా ఊళ్లో మోదుగ ఆకుల మీద పోగులు పెట్టినప్పుడు ఎవరి పోగు వాళ్లు ఎంచుకోకుండా చిన్న పిల్లాడి చేత చూపించేవారు. మా అమ్మాయిని పిలిచి అదే చేయించాను. పోగులు సమానంగా లేకపోవడంతో ఆ పిల్ల వాళ్ల పెద్ద కుప్పే మాకు చూపించింది. పొరుగాయన ఆ మాటకే కట్టుబడతానన్నాడు. బతిమాలి మార్చుకోవాల్సి వచ్చింది.

దసరాకు మాత్రం మేకే తెచ్చాం. పరీక్ష ఫలితం రాకుండా పిల్లలకు పెట్టేది లేదంది మా ఆవిడ. నేను అడవిలో తిన్న ముక్క సంగతి అప్పటికి చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది. మూడు వారాలకు ఫలితం వచ్చింది, జబ్బు లేదని. దీపావళి ముందు రోజు ఎముక బయటికి తీశాను. కుక్కర్లో పట్టలేదు. పెద్ద గిన్నెలో పట్టలేదు. ఇడ్లీ పాత్రలో పెడితే మూత పైన జానెడు నిలబడింది. కంచె దగ్గరికి పోయి పిలిచాను. పొరుగాయన ఇనుము కోసే రంపం పట్టుకుని వచ్చాడు. ఇద్దరం పెరట్లో కూర్చున్నాం. నేను పట్టుకుంటే ఆయన కోశాడు, ఐదు ముక్కలు. అల్లం వెల్లుల్లి, మిరియాలు, ధనియాల పొడి వేసి మూడు గంటలు మరిగాక ఒక బొక్క ఆయన ప్లేటులో వేశాను. ఎలా తినాలో తెలియక ఫోర్కు దూర్చబోయాడు. ప్లేటు అంచుకు కొట్టి చూపించాను. రెండో దెబ్బకు మూలుగ జారి అన్నం మీద పడింది.